ఇంజన్ ఆరోగ్యం

లోకంలో కార్లున్నవాళ్ళంతా మెకానిక్ దగ్గరికి పరుగెత్తుకొచ్చేది ఇంజన్ వేడెక్కిపోతోందని. తన కారు చాలినంత వేడిగా లేదని వచ్చి పోట్లాడే మనిషి చలికి పేరుపడ్డ నువర ఎలియ కొండల మీద ఒక్కరే. ఆయన తెన్నకోన్ మాస్టారు.

ఆ పోట్లాట పడాల్సిన ఖర్మ మెకానిక్ విజేపాలది. మాస్టారు బళ్ళో డ్రిల్లు చేయించి రిటైరయ్యారు. రిటైరయింది ఉద్యోగమే, గొంతు కాదు. ఆయన పాత మోరిస్ మైనర్ కారు షెడ్డు ముందు ఆగిందంటే చాలు, చిన్నప్పుడు ఆయన చేతికింద డ్రిల్లు చేసిన విజేపాల మడమలు వాటంతటవే దగ్గరికి చేరేవి. నలభై దాటి, సొంత షెడ్డూ సొంత బోర్డూ ఉన్న మనిషికి ఇదేం అవమానం?

"ఒరేయ్, హీటర్ దగ్గర చెయ్యి పెట్టు. ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది మాస్టారూ."

"వెచ్చగా ఎవడిక్కావాలిరా? వేడిగా ఉండాలి!"

"అంత వేడి ఎందుకండీ?"

"ఇంజన్ ఆరోగ్యం కోసం!"

ఆ మాట అంటున్నప్పుడు మాస్టారి బట్టతల మీంచి చెమట కారుతుండేది. అసలు ఆయనకి ఉక్క గిట్టదు. ఊరంతా ఉన్నిటోపీల్లో మునిగి వణుకుతుంటే ఆయన చొక్కా గుండీలు విప్పుకుని తిరిగేవారు. హీటర్ పూర్తిగా తిప్పి, తన పక్క అద్దం దించి, తల బయటికి పెట్టి కారు నడిపేవారు. ఒకసారి మేనకోడలి పెళ్ళికి మగపెళ్ళివారిని ఆ కారులోనే తీసుకెళ్ళారు. పెళ్ళికొడుకు మేనమామ ముందు కోటు విప్పాడు, తర్వాత టై విప్పాడు, ఆ తర్వాత దిగి నడిచాడు. కాస్త హీటర్ తగ్గిస్తే ఏం పోయిందని బంధువులు నిలదీస్తే, "ఆయన ఆరోగ్యం ఆయన చూసుకోవాలి. నేను ఇంజన్ ఆరోగ్యం చూసుకుంటున్నాను" అన్నారట.

వానాకాలంలో ఓ రోజు ఆ మోరిస్‌ని బంగాళాదుంపల లారీ ఒకటి తాడు కట్టి ఈడ్చుకొచ్చింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. వెనకాలే మాస్టారు నడిచొచ్చారు, ఆయన్లోంచీ ఆవిరే.

"చూశావట్రా? నా కారుని దుంపల బస్తాలా లాక్కొచ్చారు! మళ్ళీ ఇలా జరిగిందో, నీ బోర్డు నేనే పీకేస్తాను."

అసలే విజేపాల ఇంటిదగ్గర కూడా చిర్రుబుర్రులాడుతూ ఉన్నాడు. అత్తగారు పొడిహామి ఏళ్ళ తరబడి వాగు దగ్గర క్యారెట్లు కడిగే కూలికి వెళ్ళిన మనిషి. అల్లుడు అన్నం పెట్టడం లేదని నలుగురూ అనుకుంటారని అతనే బలవంతాన మాన్పించాడు. మానేసిందే గానీ, ఇప్పుడు తెల్లవారకముందే గుడికని బయల్దేరి, ఎర్రగా ఉబ్బిన వేళ్ళతో తిరిగొస్తోంది. అడిగితే పూజకి పూలు కడుగుతున్నానంటుంది. ఇంతింత చలిలో, అన్నేసి పూలు! ఆమెని ఏమీ అనలేక, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, విజేపాల ఆ ఉక్రోషమంతా మోరిస్ మీద చూపించాడు.

పాత రబ్బరు పైపులు చెయ్యి తగిలితే చాలు, బిస్కట్లలా విరిగిపోయాయి. వాటిని పీకి కొత్తవి బిగించాడు. ఇంజన్ పైన మూత బోల్టులు తుప్పుతో బిగుసుకుని అతన్ని ఒక పూటంతా ఏడిపించాయి. మూత కింద థెర్మోస్టాట్ ఉంది. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. ఇప్పుడు పూర్తిగా మూసుకుపోయి, ఇక తెరుచుకోనని భీష్మించింది.

అప్పుడు విజేపాల ఆ కొండల్లో ప్రతి మెకానిక్కూ చేసే పనే చేశాడు. దాన్ని తీసి తుక్కు డబ్బాలో పారేసి, ఖాళీగానే మూత బిగించాడు. నీళ్ళు కారిపోయే బాధ ఉండదని, ఇంజన్ వేడినీళ్ళని హీటర్‌కి చేర్చే పైపులు కూడా తీసేసి, రంధ్రాలకి బిరడాలు కొట్టాడు.

"మన దేశంలో ఇవెందుకు? చలిదేశాల వాళ్ళ సోకులు!" అన్నాడు భార్య కుసుమతో. ఆ మాటతో పాటు అతని నోట్లోంచి పొగలాగా ఆవిరొచ్చింది. అది మాత్రం అతను చూసుకోలేదు.

మర్నాడు మాస్టారు అగ్గిమీద గుగ్గిలమై దిగారు. ఎదురుగా బేకరీలో చేపలకూర కూరిన బన్నులు తింటున్నవాళ్ళు బన్నులతో సహా బయటికొచ్చి నిలబడ్డారు.

"నా కారుకి చలిజ్వరం పట్టించావు కదరా! ఆ చిన్న తలుపేది?"

"తీసేశానండీ. ఊళ్ళో ఏ కారుకీ లేదు."

"ఊళ్ళో ఎవడికీ బుద్ధి కూడా లేదు. నాదీ తీసేస్తావా?"

"మాస్టారూ, మీ ఇంజన్ ఇంక జన్మలో కాగదు. రాసిస్తాను!"

"కాగకపోతే అది ఇంజన్ ఎందుకవుతుందిరా, ఐసు డబ్బా అవుతుంది! రేపు తెల్లవారేసరికి నాతో కారెక్కు. నువ్వు చేసిన ఘనకార్యం నీకే చూపిస్తా."

"ఎక్కుతాను! తప్పు నాదని తేలితే నా బోర్డు నేనే పీకేస్తాను!" అన్నాడు విజేపాల, పదిమందీ వినేట్టు.

తెల్లవారుతుండగా మోరిస్ మంచులోంచి వెళ్ళి వాగు గట్టున ఆగింది. గట్టు మీద కడిగిన క్యారెట్ల గుట్టలు. పని ముగించుకుని, గోనెపట్టాలు కప్పుకున్న ఆడవాళ్ళు ముగ్గురు కారు వైపు పరుగెత్తుకొచ్చారు.

"వరస! వరసలో రండి! సీట్లకి బురదంటిందో, మళ్ళీ ఎక్కనివ్వను!" అని మాస్టారు అరిచారు. వాళ్ళెవరూ జడవలేదు. ముగ్గురూ వెనక సీట్లో ఇరుక్కుని, అలవాటు ప్రకారం విజేపాల భుజాల మీంచి హీటర్ వైపు చేతులు చాపారు.

"ఏంటి మాస్టారూ, పొయ్యి ఇంకా ఆరిపోయే ఉందా?" అంది ఒకామె.

"ఆర్పినవాడు నీ ముందే కూర్చున్నాడు. వాణ్ణే అడుగు."

మూడో ఆమె మాత్రం గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, గోనెపట్టా ముఖం మీదికి దించుకుంది. విజేపాల ఆ ఉబ్బిన వేళ్ళని చూశాడు.

"అత్తా! గుడికని చెప్పి నువ్వు వచ్చేది ఇక్కడికా?"

"గుడి దారిలోనే ఉందిగా. దణ్ణం పెట్టుకునే వస్తున్నా" అంది పొడిహామి, పట్టా తీసేసి. "ఊరికే కూర్చుని తినడం నాకు చేతకాదు నాయనా."

"నలుగురూ నన్నేమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? అల్లుడు మంచివాడే గానీ మెకానిక్కుగా పనికిరాడనుకుంటారు! వెచ్చదనం చలిదేశాల వాళ్ళ సోకన్నావట కదా, ఇదిగో, చూడు!" అంటూ రెండు చేతులూ అతని మెడ మీద పెట్టింది.

విజేపాల కెవ్వున అరిచి లేవబోయాడు, తల కారు పైకప్పుకి ఠంగున తగిలింది. వెనక నవ్వులు. ఆ చేతులు మనిషి చేతుల్లా లేవు. అన్నాళ్ళూ ఆ వేళ్ళని చూసి కోప్పడ్డాడే గానీ ఒక్కసారైనా పట్టుకుని చూడలేదని అతనికి సిగ్గేసింది.

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నారు. "నేనేం వీళ్ళ కోసం రావట్లేదు. పొద్దున్నే కాస్త తిప్పితే ఇంజన్‌కి మంచిది. దారిలో ఎక్కేస్తారు, నేనేం చెయ్యను?"

ఆ రోజే విజేపాల క్యాండీ పట్నానికి వెళ్ళి కొత్త థెర్మోస్టాట్ తెచ్చాడు. తెరుచుకుంటుందో లేదో చూద్దామని కుసుమ టీ గిన్నెలో నీళ్ళు పోసి, అందులో వేసి కాచాడు.

"నా గిన్నెలో ఇనుప ముక్కలు ఉడకబెడతావా?" అని కుసుమ ఒంటికాలి మీద లేచింది. ఇంతలో నీళ్ళు సలసలమన్నాయి, చిన్న తలుపు మెల్లగా తెరుచుకుంది. "బతికింది!" అంది వెనకనుంచి పొడిహామి. దాన్ని బిగించాడు, హీటర్‌కి కొత్త పైపులు వేశాడు. ఎవరూ చెప్పకుండానే ఇంకో చిన్న పని కూడా చేశాడు. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని, అన్న మాట ప్రకారం బోర్డు దించాడు.

రెండ్రోజులు తిరక్కుండానే మోరిస్ షెడ్డు ముందు కీచుమని ఆగింది. బేకరీ వాళ్ళు మళ్ళీ బన్నులతో బయటికొచ్చారు.

"ఒరేయ్! హీటర్ నుంచి వెనక సీటు కిందికి గాలి గొట్టం పెట్టమని నీకెవడు చెప్పాడ్రా? వాళ్ళు కారు దిగడం లేదు! మీ అత్త గురకపెట్టి నిద్రపోతోంది! నాకు వద్దంటే వినకుండా రోజూ ఓ క్యారెట్ల కట్ట పడేస్తున్నారు! ఎందుకు పెట్టావ్? చెప్పు!"

విజేపాల మడమలు వాటంతటవే దగ్గరికి చేరాయి.

"ఇంజన్ ఆరోగ్యం కోసం, మాస్టారూ."

మాస్టారు బట్టతల తుడుచుకున్నారు, గోడకి చేరేసి ఉన్న బోర్డు వైపు చూశారు.

"దాన్ని పైకెక్కించు. వంకరగా కట్టావో, ఊరుకోను!" అని కారెక్కి, తల కిటికీ బయటికి పెట్టుకుని వెళ్ళిపోయారు.