కాఫీ చల్లారేలోపు

ఢిల్లీ మునిర్కాలో అద్దెగదిలో ఉంటూ సివిల్స్‌కి చదివే రోజుల్లో ఒక ఆరోగ్య సర్వేలో చేరాను. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళను అడగాలి, మీ భర్త మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టాడా అని. ఇలాంటి ప్రశ్న నోటితో అడిగితే ఒక జవాబు, హెడ్‌ఫోన్‌లో వినిపించి ట్యాబ్ తెర మీద నొక్కమంటే మరో జవాబు వస్తుందట. ఆ తేడా చూడటానికి ఒక్కో ఇంటికి రెండుసార్లు పంపేవారు, ఒకసారి నోటితో, ఒకసారి హెడ్‌ఫోన్‌తో.

తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ నాకే ఇచ్చారు. మనమ్మాయి అయితే మనసు విప్పుతారని సూపర్‌వైజర్ నమ్మకం. మనమ్మాయి అనగానే భర్తలు కూడా వచ్చి కూర్చుంటారని, మీది ఏ జిల్లా అని మొదలుపెట్టి ఇక కదలరని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి?

అది ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఒక ఉద్యోగి ఇల్లు. మొదటిసారి ఆయన ఎదురుగానే ప్రశ్నలు చదివాను. భార్య ప్రతిదానికీ లేదు అంది. ఆయన చేతిలో కాఫీ చల్లారేలోపే సర్వే అయిపోయింది. రెండోసారి ఆయన్ని లోపలి గదిలోకి వెళ్ళమని అడిగితే నవ్వి అక్కడే కూర్చున్నాడు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. హెడ్‌ఫోన్ ఉందిగా, ఆయనకేం వినపడుతుంది, కానివ్వమన్నాడు.

నిజమే, వినపడలేదు. కానీ లేదు అంటే ఆ విషయం అక్కడితో ఆగిపోతుంది. అవును అంటే ఎలా, దేనితో, దెబ్బ తగిలిందా అని ప్రశ్న మీద ప్రశ్న వస్తుంది. ఆమె నొక్కుతూనే ఉంది. ఆయన కాఫీ తాగడం అయింది. గ్లాసు పక్కన పెట్టి గోడ గడియారం చూశాడు.

"మొన్న చిటికెలో అయిపోయిందిగా. ఇప్పుడేం నొక్కుతున్నావే?"

ఆమె తలెత్తేలోపే జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లి తెర మీద రక్తం పడింది. మళ్ళీ చెయ్యెత్తాడు. నాది అసలే ముక్కు మీది కోపం. బల్ల మీది స్టీలు చెంబు అందుకుని ఆ చేతి మీదే బలం కొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. అబద్ధమెందుకు, సంతోషమేసింది.

అరుపులు విని పక్కింటి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. ముగ్గురం ఆటోలో ఠాణాకి వెళ్ళాం. విరిగిన చెయ్యి పట్టుకుని ఆయనా వెనకే వచ్చాడు. అక్కడి అధికారి మొగుడూపెళ్ళాలను పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, ఆయన ముందే ఆమెను అడిగాడు.

"పహలే భీ మారా థా?" ఇంతకుముందు కూడా కొట్టాడా అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద ఊళ్ళో ఈమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగేవాడే లేడా? ఇప్పుడు లేదంటే ఈ మనిషి వెంటే ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలి. ఈసారి ప్రాణాలతో వదలడు.

హెడ్‌ఫోన్ ఇంకా ఆమె మెడకే ఉంది. తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది తీసుకో చెల్లీ. నోటితోనే చెబుతా."

అధికారి వైపు తిరిగి హిందీలో మొదలుపెట్టింది. ఎలా, దేనితో, ఎక్కడ తగిలిందో ఒక్కొక్కటే చెప్పింది. అధికారి బల్ల మీద చాయ్ చల్లారిపోయింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.