కొండయ్య చూపించిన బండ

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అదేమంత పెద్ద నేరం కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. వింటే మీరేమంటారో తెలియదు. అయినా చెప్పాలి.

ఫోర్‌జీ వచ్చిన కొత్తలో నేనొక టెలికం కంపెనీకి కాంట్రాక్టు మీద ఊరూరూ తిరిగి సిగ్నల్ కొలిచేవాణ్ణి. గడువులోపల పల్లెలన్నిటికీ సిగ్నల్ అందించామని కంపెనీ ప్రభుత్వానికి చూపించాలి. పోటీ కంపెనీ అప్పటికే మాకంటే ముందుంది. మా మేనేజరు రోజూ ఫోన్ చేసి ప్రాణం తీసేవాడు.

ఉదయగిరి కొండ కింద ఒక చిన్న పల్లె. అంతా గొర్రెల మీద బతికేవాళ్లు. రూలు ప్రకారం ఇళ్ల మధ్య నిలబడి కొలవాలి. కొలిచాను. ఒక్క గీత కూడా రాలేదు. ఆ మాటే రాసి ఉంటే కంపెనీకి అక్కడ టవరు వేయక తప్పేది కాదు.

అప్పుడు కొండయ్య అనే కాపరి వచ్చాడు. మజ్జిగ ఇచ్చి, నా ముఖం చూసి జాలిపడ్డాడు.

"ఈడ రాదు సార్. గుట్ట మీద బండ ఉండాది, ఆడికి రాండి. బ్రహ్మాండంగా వస్తాది."

"ఆడెందుకు పెద్దాయనా?"

"మిషన్లో బాగా పడితేనే గదా సార్, మా ఊరికి టవరు ఇచ్చేది!"

బాగా పడితే టవరు రాదు. బడిలో మార్కుల్లాంటిది అనుకున్నాడాయన. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? మేనేజరంటే భయమా, మళ్లీ ఆ ఎండలో తిరగాలన్న బద్ధకమా అని ఇన్నాళ్లూ రకరకాల కారణాలు వెతుక్కున్నాను గానీ, నిజానికి ఆయన అమాయకత్వం నా పనికి అక్కరకొచ్చింది, అంతే. బండెక్కి కొలిచాను. ఊరి పేరు కింద రాసుకున్నాను. బండ ఆ ఊరి పొలిమేరలోదే కనుక ఎవరూ తప్పు పట్టలేదు.

ఇప్పుడు ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్నాను. పోయిన నెల కొండయ్య ఒక కాగితం చదివిపెట్టమని వచ్చాడు. టవరు కోసం ఊరివాళ్లు పెట్టిన అర్జీకి జవాబు అది. రికార్డుల ప్రకారం మీ ఊళ్లో సిగ్నల్ బాగానే ఉందని రాశారు. ఆ రికార్డు నాదే. వానలో గొర్రెల డాక్టరుకు ఫోన్ చేద్దామని అదే బండెక్కి, ఆయన భార్య అంకమ్మ జారిపడిందట. తుంటి విరిగి మంచాన పడిందట.

నన్ను గుర్తుపట్టాడు. కోపం లేదు.

"ఆ పొద్దు మనం సరిగ్గా చూపించలేదేమో సార్. ఇంకా ఎత్తులో ఇంకో బండ ఉండాది. ఈతూరి ఆడికి పోదాం."

"చూద్దాంలే" అన్నాను. కాగితం మడిచి ఆయన చేతికిచ్చాను.

తాను సరైన బండ చూపించలేదని ఆ మనిషి బాధపడుతున్నాడు. నాకు సిగ్గుగా ఉంది. తప్పు నాదని ఆయనకింకా చెప్పలేదు. చెప్పగలనో లేదో కూడా తెలియదు. మీకు చెప్పాను. ఈ పూటకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంకమ్మ ఇంకా మంచం మీదే ఉంది.