పడినా పగలనిది

ఆ ఆఫీసులో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి 'సుత్తి' అని పేరు పెట్టారు. పేర్లు పెట్టేవాళ్లకు న్యాయాన్యాయాల పట్టింపు ఉండదు. గంటల తరబడి ఊదరగొట్టి ఎదుటివారి ప్రాణం తోడేవాళ్లు అక్కడ వేరే ఉండగా, వాళ్లకు దక్కవలసిన బిరుదు ఈయనకు దక్కడానికి కారణం, ఆయన మణికట్టుకు తాడుతో ఎప్పుడూ వేలాడుతూ ఉండే ఒక చిన్న సుత్తి. మంచినీళ్ల ట్యాంకులెక్కి, గోడలను ఆ సుత్తితో తట్టి, కాంక్రీటు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ లోలోపల డొల్లబారిందో చెవితో విని చెప్పడం ఆయన పని. వినడమే వృత్తిగా గలవాడు మాట్లాడకపోవడంలో వింతేమీ లేదు.

ఆయన పైకెక్కితే కింద తాడు పట్టుకునేవాడు బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. బావ మింగేసిన మాటలన్నీ తానే మాట్లాడతాడా అన్నట్టుండేవాడు. "మా అక్క చెయ్యి పట్టుకున్నాడు, నా చేతికి తాడిచ్చాడు" అని కొత్తవాళ్లకు పరిచయం చేసుకునేవాడు.

ఎత్తులో పనిచేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. పైవాడు సంచిలోంచి ఏ వస్తువు తీయాలన్నా, ముందు నడుముకున్న కొక్కేన్ని నిచ్చెన మెట్టుకు తగిలించుకొని "చేతిలో ఉంది!" అని కేక వేయాలి. కిందివాడు తాడును గుంజకు బిగించి, నిచ్చెన పాదం వదిలి దూరంగా జరిగి "పక్కనున్నా!" అని బదులు పలకాలి. వస్తువు తిరిగి సంచిలో చేరాకే అతడు తన చోటికి వస్తాడు. చేతిలో ఏముందో ఆ వాక్యం చెప్పదు. కర్త లోపించినా అర్థం లోపించని వాక్యాలు భాషలో చాలా ఉన్నాయి గాని, ఒకరి నెత్తిని కాపాడేవి తక్కువ.

వానాకాలం మొదట్లో ఆ వాక్యం పలికే వ్యవధి లేకుండానే ఒక వస్తువు కింద పడింది. ట్యాంకు గోడకు వంగి తుప్పు మరకను చూస్తూ ఉండగా, చొక్కా జేబులోని ఫోను జారిపోయింది. నాలుగంతస్తుల ఎత్తు. అది బావమరిది బూటు పక్కన, ట్యాంకు చుట్టూ ఉన్న సిమెంటు గట్టు మీద పడి తునాతునకలైంది. ఒక్క అడుగు ఇటుగా పడి ఉంటే?

"బావా! నీ ఫోను నాకంటే ముందు పోయింది!" అని కిందినుంచి నవ్వు వినిపించింది.

ఆఫీసులో అందరూ ఫోను గురించే విచారించారు. పాత ఫోటోలు పోయాయా, నంబర్లు దొరికాయా అని పరామర్శించారు.  ఆయనకు మాత్రం అప్పటినుంచీ పైనుంచి కిందికి చూస్తే పసుపుపచ్చ హెల్మెట్టు నిమ్మకాయంతగా కనిపించేది. నిమ్మకాయంత గట్టిగా కూడా లేదేమోననిపించేది. ఎక్కడం ఆరంభించిన తొలినాళ్లలో తాను పడతానేమోనన్న భయం ఉండేది. అది ఏళ్ల కిందటే అరిగిపోయింది. ఇప్పుడు పట్టుకున్నది వేరే భయం. ఇది తన ప్రాణానికి సంబంధించినది కాదు గనుక, దీనికి ధైర్యం చెప్పుకునే దారి కూడా తెలియలేదు.

ఫోను పగిలిందన్న సంగతినుంచే ట్యాబ్ కొనాలన్న ఆలోచన పుట్టింది. వానకు కాగితాలు తడుస్తున్నాయి, ఫోన్లు పగులుతున్నాయి, కాబట్టి పగలనిది కొందామని ఆఫీసు యజమానురాలు నిశ్చయించింది. వాటిని అమ్మే కంపెనీ తరఫున ఒక అమ్మాయి నల్లటి దిమ్మలాంటి ట్యాబ్‌ను తెచ్చి బల్లమీద పెట్టింది. చుట్టూ మందపాటి రబ్బరు, మూలలకు ఇనుప బిళ్లలు.

"నీళ్లలో ముంచినా ఏం కాదు మేడమ్. గ్లౌజులతో కూడా పనిచేస్తుంది. ఇక పడేయడం అంటారా..." అంటూ ఆ అమ్మాయి కుర్చీ ఎక్కి, చెయ్యి పైకి చాపి, వదిలేసింది.

అది పడింది. ఒక్క గెంతు గెంతి వెల్లకిలా ఆగింది. తెర వెలుగుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

సుత్తి గారు ట్యాబ్‌ను చూడలేదు. అది పడిన చోట నేలమీది టైలు మూల చితికి, పగుళ్లు నలువైపులా పాకి ఉన్నాయి. చెయ్యి పైకి చాపితే అందేంత ఎత్తునుంచి పడితేనే ఇది. 

"ఏమంటారండీ?" అంది యజమానురాలు. "ఎక్కేది మీరు. కొన్నాళ్లు వాడి చూడండి. మీరు సరేనంటే కొందాం, వద్దంటే వద్దు."

ఆయన తల ఊపాడు. ఆ ఊపు సరేనన్నట్టో కాదన్నట్టో చూసినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు.

ఇంట్లో ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకొని బరువు చూస్తూ కూర్చున్నాడు. ఇటుకను పట్టుకున్నట్టే ఉంది. భార్య వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏమండీ, ఏంటది, పలకా?"

"పలకే అనుకో."

"ఈ వయసులో అక్షరాలు దిద్దుతారా?"

"కింద పడినా పగలదట."

"అయితే మీ చేతులకు సరిగ్గా సరిపోయింది. గ్లాసులు కూడా అలాంటివి ఉన్నాయేమో కనుక్కోండి, ఇంట్లోకి నాలుగు కావాలి." ఆమె నవ్వి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "మా తమ్ముడు బాగానే ఉన్నాడు కదండీ? నిన్న ఫోన్లో ఏదడిగినా ఊ అంటున్నాడు, ఆ అంటున్నాడు. వాడు అలా మాట్లాడడే!"

 ఫోను పడిన సంగతి ఆయన ఆమెకు అప్పుడే చెప్పాడు. ఎక్కడ పడిందో చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని నోరు తెరిచాడు కూడా. ఆమె ముఖం చూసి మూసుకున్నాడు.

మరునాడు సన్నటి తుంపర. ట్యాబ్‌ను సంచిలో వేసుకొని ఆయన ట్యాంకెక్కాడు. నిజం చెప్పుకోవాలి, అది చక్కని వస్తువు. తడి వేళ్లకు విసుక్కోలేదు. గోడను ఫోటో తీసి, డొల్లగా పలికిన చోట వేలితో గీత గీస్తే అక్కడే నిలిచిపోయింది. కాగితం మీద ఇంతకు ముందు ఎన్ని గుర్తులు చెమటకు చెదిరిపోయాయో తలచుకుంటే ఆయనకు దానిమీద మమకారం లాంటిది కూడా కలిగింది.

చిక్కల్లా ఒకటే. సుత్తి మణికట్టుకు ఉంటుంది, గుర్తులు పెట్టే సుద్దముక్క పడినా ఎవరికీ ఏమీ కాదు. ఈ ట్యాబ్ మాత్రం అడుగడుగునా చేతిలో ఉండవలసిందే. పక్క గోడకు వంగాలంటే కింద తాడు పట్టుకునే మనిషి ఉండాలి. చేతిలో వస్తువుంటే ఆ మనిషి ఉండకూడదు. కేక వేయడం, జరగడం, సంచిలో పెట్టడం, మళ్లీ రావడం, మళ్లీ తీయడం. ఇలా కొంతసేపు సాగాక కిందినుంచి విసుగు వినిపించింది.

"బావా! ఇలా అయితే మనం రిటైరయ్యేలోపు ఈ గోడ అవదు! నేనిక్కడే ఉంటాలే, నువ్వు కానివ్వు!"

వద్దనాలి. ఆయన అనలేదు. చీకటి పడేలోపు పని ముగించాలన్న తొందర అనలేకుండా చేసింది.

ట్యాబ్ వెనక చేతిని దూర్చే పట్టీ ఒకటి ఉంది. తుంపరకు నాని అది మెల్లగా వదులైంది. గోడను తట్టడానికి ఆయన కుడిచెయ్యి ఎత్తేసరికి, ఎడమచేతిలోంచి ట్యాబ్ జారింది. అది ఛాతీ మీదుగా, పొట్ట మీదుగా జారుతూ ఉండగా మోకాలు ఎత్తి గోడకు అదిమిపట్టాడు. ఒక మూల మాత్రమే ఆనింది. మిగతాదంతా గాలిలో ఉంది.

కింద నిమ్మకాయంత పసుపు. సరిగ్గా దాని కిందే.

రెండు చేతులతోనూ నిచ్చెనను పట్టుకొని ఉన్నాడు; చెయ్యి తీస్తే తాను తూలుతాడు. మోకాలు కదిలితే అది పడుతుంది. చేయగలిగింది ఒక్క కేక. ఆయన నోరు తెరిచాడు. ఏ మాట అరవాలో తోచలేదు. తడి రబ్బరు వెంట్రుకవాసి జారింది. మరి కాస్త జారింది. టైలు పగుళ్లు కళ్లముందు పాకాయి. బావమరిది చిన్నకూతురు వాళ్ల నాన్న హెల్మెట్టులో పిల్లిపిల్లను కూర్చోబెట్టిన రోజు, ఏ సంబంధమూ లేకుండా, గుర్తుకొచ్చింది.

"జరుగు!" అని చివరికి అరిచాడు. కట్టుబాటు మాట కాదు. నోటికి వచ్చిన మాట.

పసుపు కదల్లేదు.

"ఒరేయ్, జరగరా!"

అప్పుడు కదిలింది. తాడు బిగిసింది, పసుపు చుక్క గట్టు దాటి దూరంగా వెళ్లింది. "పక్కనున్నా!" అన్న కేక అందినా ఆయన మోకాలు సడలలేదు. చాలాసేపటికి గాని ట్యాబ్‌ను సంచిలోకి లాక్కోలేకపోయాడు.

కిందికి దిగాక గట్టు మీద కూలబడ్డాడు.

"ఏంటి బావా, పైన దయ్యం కనిపించిందా?"

"నీ నెత్తి కనిపించింది. మొదటిసారి పిలిస్తే ఎందుకు కదల్లేదురా? పైకి చూడలేదా?"

బావమరిది పక్కన కూర్చొని, హెల్మెట్టు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నవ్వబోయాడు గాని, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"చూడట్లేదు బావా. ఆ ఫోను పడ్డప్పటినుంచీ పైకి చూడలేకపోతున్నా. చూస్తే నువ్వు పడుతున్నట్టే ఉంటుంది. తాడునే చూస్తూ నిలబడతా. నువ్వు పిలిచావని తెలుసు. ఏమన్నావో తెలియలేదు."

"చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

ఇద్దరూ ఆ ట్యాంకు నీడ కిందినుంచి లేచి, అవతల వానలోకి వెళ్లి నిలబడ్డారు. తడుస్తామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆఫీసులో యజమానురాలు అడిగినప్పుడు సుత్తి గారు తన జీవితంలోకెల్లా పొడవైన ప్రసంగం చేశాడు.

"వస్తువు మంచిదేనండి. పడినా పగలదు. అందుకే భయం. పగిలేదైతే దెబ్బ కొంత అదే తింటుంది. పగలని దాని దెబ్బంతా కిందివాడు తినాలి. అది పైకి రాకూడదు. పైన నేను సుద్దతో గుర్తు పెడతాను. దిగొచ్చి, ఇద్దరం కూర్చొని ట్యాబ్‌లోకి ఎక్కించుకుంటాం. ఫోటోలకు ఛాతీ బెల్టుకు బిగించే చిన్న కెమెరా చాలు."

"కిందే ఉండేదానికి ఇంత గట్టిది ఎందుకు మరి? మామూలుది సరిపోదూ?"

"సరిపోతుందండి. అందుకే వద్దంటున్నాను."

కంపెనీ అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు. ట్యాబ్‌ను సంచిలో సర్దుకుంటూ చితికిన టైలు వైపు చాలాసేపు చూసింది. "ఇన్ని చోట్ల పడేశాను సార్. ఎప్పుడూ దీన్నే చూశాను" అంది మెల్లగా.

ఆ వారమే మరో ట్యాంకు. బావాబావమరుదులు తమ కట్టుబాటుకు కొత్తగా ఒకటి చేర్చుకున్నారు: కిందివాడు పక్కకు జరిగి బదులు పలికితే చాలదు, తలెత్తి ముఖం చూపించాలి. అది కనిపించేదాకా పైవాడి సంచి తెరుచుకోదు.

సగం దాకా ఎక్కి, కొక్కెం తగిలించి, ఆయన కేక వేశాడు.

"చేతిలో ఉంది!"

"పక్కనున్నా!"

పసుపు చుక్క దూరంగా జరిగింది. ఆగింది. ఆయన ఎదురుచూశాడు. గాలికి నిచ్చెన సన్నగా మూలిగింది. చాలాసేపటికి ఆ చుక్క వెనక్కి వాలింది; దాని కింద పాలిపోయిన ముఖం ఒకటి, కళ్లు చిట్లించి, పళ్లు బిగబట్టి, పైకి చూసింది. ఆ ముఖంలో భయం అంత ఎత్తుకు కూడా స్పష్టంగా తెలుస్తోంది.

ఆయన పట్టు మరింత బిగించి, అప్పుడు సంచిలో చెయ్యి పెట్టాడు.