నా చిగుళ్ల కోసం ప్రార్థన కూడిక

పళ్లకు తీగెలు బిగిస్తే పళ్లు కదలడం మామూలే. నా తీగెల పుణ్యాన సీతాఫల్‌మండిలో మా చర్చి సంఘమంతా కదిలొచ్చింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి.

అప్పుడు డిగ్రీ రెండో ఏడు. క్లిప్పులు వేయించుకున్న కొన్నాళ్లకు బ్రష్ మీద రక్తం కనబడింది. అవి వేసిన పళ్ల డాక్టరమ్మను అడగొచ్చు. కానీ ఆవిడ ముందు నోరు తెరవడం వేరు, మాట్లాడటం వేరు. నాకేమో చచ్చేంత సిగ్గు. అందుకని లైబ్రరీకి వెళ్లి, తలగడంత వైద్య పుస్తకం ఒకటి తెరిచాను. చిగుళ్ల గాయంలోంచి క్రిములు రక్తంలోకి దూరి గుండె దాకా వెళ్లవచ్చట! పన్నెక్కడ, గుండెక్కడ? ఏ దారిన పోతాయి, మధ్యలో ఎక్కడైనా ఆగుతాయా అని మధ్యాహ్నమంతా బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రయాణం నాలోనే సాగుతోందేమోనన్న సంగతి ఇంటికొచ్చాక గాని తట్టలేదు.

వెంటనే బ్రష్ చేయడం మానేశాను. గాయాన్ని కెలికి క్రిములకు తలుపు తీయడం దేనికి? ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకున్నాను. చిగుళ్లు బూరెల్లా పొంగాయి. ఇక నా పని అయిపోయిందనుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక మేరీ అత్త చెవిలో ఊదాను.

"అత్తా, ఇన్‌ఫెక్షన్ గుండెకు పోయేట్టుంది. నా కోసం ప్రార్థన చెయ్యి. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెబుతానే పిచ్చిపిల్లా!" అంది అత్త.

స్త్రీల సమాజానికి ఆవిడే కార్యదర్శి. సాయంత్రానికి మా ముందుగదిలో చాపలు, పాస్టరుగారు, హార్మోనియం, రోగిని చూడటానికి తెచ్చిన బత్తాయిల గుట్ట.

"గుండె ఆపరేషనటగా వదినా?" అని ఒకావిడ అమ్మను అడిగింది.

"నాకే ఇప్పుడు తెలుస్తోంది!" అని అమ్మ బావురుమని, పళ్ల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. వీధి చివర క్లినిక్కులోంచి ఆవిడ పరుగున వచ్చింది.

"ఏందమ్మా, గింతమందిని పరేషాన్ చేస్తున్నవ్? నోరు తెరువు." సెల్‌ఫోన్ టార్చి వేసింది. గదంతా నా నోట్లోకి తొంగిచూసింది.

"గుండెల ముందునుంచే లోపం గిట్ల ఉందా నీకు?"

"లేదండీ."

"ఆ భయం ముఖ్యంగా అసుంటోళ్లకు. నువ్వు ఆ ముక్క చదవలేదా?"

చదవలేదు. నా ఆత్రం ఆ ముక్క మీంచి దూకేసింది.

"సరే, బ్రష్ ఎప్పుడు చేసినవ్?"

"పోయిన... ఆదివారం."

గదిలో ఎవరో బత్తాయి సంచీ మెల్లగా వెనక్కి లాక్కున్నారు.

"అదీ సంగతి! తీగెల చుట్టూ పాచి పేరుకుంటే చిగుళ్లు వాస్తయి, రక్తమొస్తది. మెత్తటి బ్రష్‌తోని రెండుపూటల తోము. రేపొచ్చి క్లీనింగ్ చేయించుకో."

ప్రార్థనకని వచ్చిన పాస్టరుగారు ఊరికే ఎలా వెళతారు? కళ్లు మూసుకుని చేతులెత్తారు.

"ప్రభువా, ఈ చిన్నబిడ్డకు రెండుపూటలా పళ్లు తోముకునే మనసు దయచేయుము."

"ఆమేన్!" అంది గదంతా. అందరికన్నా గట్టిగా అన్నది డాక్టరమ్మ. ఆవిడ మా మతం కూడా కాదు.

ఆ చాప మీదే గంభీరంగా తీర్మానించుకున్నాను: ఇకమీదట ఒంట్లో ఏ మూల నలతగా ఉన్నా ముందు డాక్టరుకు చెబుతాను, ఆ తర్వాత దేవుడికి. మేరీ అత్తకు మాత్రం, ఆరోగ్యంగా ఉన్నానని కూడా చెప్పను.