జేబెజ్ ఆదా చేసిన బొగ్గు

కార్న్‌వాల్‌లో మా రాగిగని నీళ్లు తోడే ఆవిరి ఇంజనును ముప్ఫయ్యేళ్ల పైచిలుకు నడిపినవాడు జేబెజ్ ట్రెంబాత్. మా దగ్గర బొగ్గు పుట్టదు, వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. అందుకని బుట్టెడు బొగ్గుతో ఏ ఇంజను ఎన్ని నీళ్లు తోడిందో నెలనెలా అచ్చువేసి పంచేవారు. అందులో పేరు పైకెక్కినవాడికి ప్రార్థనమందిరంలో ముందువరస దొరికేది. ఆదా చేయడం దైవభక్తి అని పాస్టరుగారు చెప్పేవారు. ఆయనకు గనిలో చిన్న వాటా ఉంది.

జేబెజ్‌కు ఆ పిచ్చి పట్టింది. ఆవిరిగొట్టాల చుట్టూ చెక్కలు బిగించి, మధ్యలో రంపపుపొట్టు కూరాడు. పిస్టన్ సగం దూరం పోకముందే ఆవిరి కట్టేసి, లోపలున్న ఆవిరి చేతనే మిగతా సగం తోయించాడు.

"ఇంజనుకి రజాయి కప్పావు సరే, మన గది కిటికీ సందు ఎప్పుడు పూడుస్తావు?" అంది భార్య లవ్‌డే.

"దాని సంగతి ఎవరూ అచ్చేయరు కదే," అన్నాడతను.

రెండేళ్లలో మా ఇంజను సగం బొగ్గుతో అన్ని నీళ్లూ తోడింది. ఇక ఓడలు సగమే వస్తాయనీ, రేవు నుంచి బొగ్గు మోసే గాడిదలకు విశ్రాంతి దొరుకుతుందనీ, ఆరేసిన బట్టలు తెల్లగా ఉంటాయనీ జేబెజ్ మురిసిపోయాడు. గని పెద్ద కెప్టెన్ కర్నో వచ్చి అతని భుజం తట్టాడు.

"నీ పుణ్యమా అని నీళ్లు తోడటం ఇప్పుడు చవకయ్యా. ఇంకో నలభై బారలు కిందికి తవ్వుదాం."

తవ్వారు. కిందికి పోయినకొద్దీ నీళ్లు ఎక్కువ. రెండో ఇంజను వచ్చింది, తర్వాత మూడోది. నీళ్లతో మూతపడిన పక్క గని కూడా తెరుచుకుంది. అన్నిటికీ రంపపుపొట్టే, అన్నీ పొదుపైనవే. రేవులో ఓడలు వరసకట్టాయి. లవ్‌డే ఆరేసిన దుప్పటి సాయంత్రానికి పాస్టరుగారి కోటు రంగుకొచ్చింది.

"ఒక్కో ఇంజను ఎంత తక్కువ తింటోందో తెలుసా?" అన్నాడు జేబెజ్.

"తెలుసు. కొత్త పొయ్యి పెట్టాక మన ముళ్లకంప కూడా తక్కువే కాలుతుందన్నావు. అదివరకు వారానికోసారి రొట్టె కాల్చేదాన్ని, ఇప్పుడు రోజూ కాలుస్తున్నా. పక్కింటివాళ్ల మాంసం కూరిన పేస్టీలూ నేనే కాలుస్తున్నా. కంపమోపు తగ్గిందా?"

జేబెజ్ మోపు వంక చూసి, టోపీ పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

ముప్ఫయ్యేళ్లు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం మా పఠనమందిరానికి పట్నం నుంచి ఒక పండితుడు వచ్చాడు. నల్లబల్ల మీద పైకి పాకే గీత ఒకటి గీసి, బొగ్గును పొదుపుగా వాడితే వాడకం తగ్గదనీ, పెరుగుతుందనీ ఉపన్యసించాడు. ఇంతవరకూ అర్థశాస్త్రానికి ఇది తట్టలేదని కూడా చెప్పాడు. మేమందరం చప్పట్లు కొట్టాం.

"ముళ్లకంప గురించి నేను చెప్పినప్పుడు నాకెవరూ బల్ల వేయలేదు, నీళ్ల గ్లాసూ పెట్టలేదు," అంది లవ్‌డే, రెండు వరసలకు వినబడేట్టుగా.

జేబెజ్ నెమ్మదిగా లేచాడు. "అయితే అయ్యగారూ, నేను చేసింది తప్పేనంటారా?"

"అబ్బే, లేదు. మీరు ఆదా చేయకపోతే ఈ గని ఏనాడో మూతపడేది. ఇంతమందికి పనే ఉండేది కాదు."

"అయితే మంచిపనే చేశానన్నమాట."

"అలాగని కాదు. దేశంలో బొగ్గు తొందరగా అయిపోతుంది కదా."

జేబెజ్ కూర్చున్నాడు. మొహం చిన్నబోయింది. ముప్ఫయ్యేళ్ల కష్టం మంచిదో చెడ్డదో తేల్చడానికి ఆ పండితుడికి ఇంకో పుస్తకం పడుతుందని మాకందరికీ అర్థమైంది.

ఆ పుస్తకం వచ్చేదాకా గని ఆగలేదు. సముద్రాల అవతల ఎక్కడో రాగి కుప్పలుగా దొరికి ధర పడిపోయింది. మూడు ఇంజన్లూ ఒకే వారంలో ఆగాయి. కుర్రాళ్లు ఆస్ట్రేలియా ఓడలెక్కారు. జేబెజ్ నెలరోజులు ఇంట్లో కూర్చుని లవ్‌డే పొయ్యికి వంకలు పెట్టాడు.

తర్వాత పక్క ఊరి బీరు తయారీదారు కబురు చేశాడు. బాయిలరు బొగ్గు మింగేస్తోందనీ, కాస్త తగ్గించి పెట్టాలనీ.

"మిగిలిన బొగ్గుతో ఏం చేస్తారండీ?" అని అడిగాడు జేబెజ్.

"ఇంకొంచెం బీరు కాస్తాం."

పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మనిషి ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. లవ్‌డే చాలాసేపు నవ్వి, "వెళ్లు. ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తున్నావు," అంది.

సోమవారం నుంచి పనిలో చేరాడు.