టిఫిన్ వేళకి ఆగిపోయిన అయిదో తరగతి

నా కూతురికి ఒక ఏడాది చదువు ఎలా పోయిందో ఇన్నాళ్లూ రాయలేదు. రాయడం రాకపోవడమే కారణం. నలభై దాటాక, చర్చి వెనక గదిలో ఒక నర్సమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. వచ్చాక కూడా చాలాకాలం సంతకం పెట్టడం, ఊరినుంచి వచ్చిన ఉత్తరం కూడబలుక్కోవడం, అంతవరకే. కోపం మాత్రం అప్పటినుంచీ అలాగే ఉంది.

ఎనభైల మొదట్లో మేము ఢిల్లీలో, కటవారియా సరాయ్‌లో రెండు గదుల్లో ఉండేవాళ్లం. మా ఆయనకి ఘాజియాబాద్‌లో ఫ్యాక్టరీ పని. ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. నేను ముందు గదిలో మన తెలుగు కుర్రాళ్లకి మెస్ నడిపేదాన్ని. పది పన్నెండు మంది, గోదావరి, గుంటూరు వైపు వాళ్లు, అందరూ సివిల్స్‌కి చదివేవాళ్లే. ఏడింటికే వచ్చి, తిని లైబ్రరీకి పరిగెత్తాలి, లేకపోతే కుర్చీ దొరకదట. నా కూతురు మున్సిపల్ బడిలో అయిదో తరగతి. ఆడపిల్లలకి పొద్దుటి బడి. గంట ఏడున్నరకి కొట్టేవాళ్లు.

రుబ్బడానికి, ప్లేట్లు అందించడానికి, టీ పోయడానికి నాకున్నవి రెండే చేతులు. మిగతా రెండూ దానివి.

"ఆంటీ, ఇవాళ కూడా చట్నీ లేదా? ఉత్త ఇడ్లీ తిని కలెక్టర్లం ఎలా అవుతామండీ?"

"చట్నీతో తిన్నా నువ్వు అవవులేరా, తిను."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, పిల్లని ఇంకో పావుగంట ఆపేదాన్ని. మొదట బడికి ఆలస్యంగా వెళ్లింది. తర్వాత వారానికి రెండు రోజులు మానింది. కుర్రాళ్ల పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాక, "ఈ నెల్లాళ్లూ ఉండవే, వాళ్ల పరీక్షలయ్యాక వెళ్దువుగాని" అన్నాను. ఆ మాట ఎవరూ నాచేత అనిపించలేదు. వాళ్లు అడిగింది చట్నీ. పిల్లని ఆపింది నేను.

వాళ్లలో ఒకతను ఎకనామిక్స్ తీసుకున్నాడు. అప్పటికి మూడోసారి రాస్తున్నాడు. మంచివాడే. నాకు జ్వరమొస్తే పరిగెత్తుకెళ్లి మందులు తెచ్చినవాడు. ఒకరోజు లైబ్రరీకి వెళ్లకుండా కాగితాలు పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో పైకి చదువుతున్నాడు.

"ఏంటి బాబూ అది?" అన్నాను.

"దేశం పదికాలాలపాటు ఎదగాలంటే ఏం కావాలని ప్రశ్న ఆంటీ. అందరూ డ్యాములు, ఫ్యాక్టరీలు అని రాస్తారు. నేను మనుషులు అని రాశా. మనిషి చదువూ, ఆరోగ్యం, పనితనం, ఇవే అసలు పెట్టుబడి. మెషిన్ అయితే అరిగిపోతుంది. ఒక ఆడపిల్లకి చదువు చెప్పామనుకోండి, దాని ఫలితం మూడు తరాలు ఉంటుంది."

"అచ్ఛా! అయితే మా పిల్ల కూడా పెట్టుబడేనా?"

"ఎందుకు కాదూ!" అన్నాడు. అంటూనే గ్లాసు పక్కకి చాపాడు, పక్కనున్న పిల్లవైపు చూడకుండానే. "ఇంకో టీ పొయ్యమ్మా." పిల్ల పోసింది. అప్పుడు టైము ఎనిమిది కావస్తోంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గ్లాసు గోడకేసి కొట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఎంత బాగా చెప్పాడో అనుకున్నాను.

ఆ వారంలోనే బడి ఆయా ఒక కాగితం తెచ్చింది. హిందీలో, చేత్తో రాసిన కాగితం. "దీదీ, యహాఁ అంగూఠా లగా దో" అని రిజిస్టరు చాపింది. వేలిముద్ర వేశాను. ఏముందమ్మా ఇందులో అంటే, ఎవరిచేతైనా చదివించుకోమని వెళ్లిపోయింది. పిల్ల వెనక గదిలోనే ఉంది. నాలుగేళ్లుగా హిందీ బడిలో చదువుతున్న పిల్ల. దాన్ని పిలవలేదు. పదేళ్ల పిల్ల చదువు కూడా ఒక చదువేనా అనుకున్నాను. టిఫిన్‌కి అందరూ కూర్చున్నప్పుడు తీసుకెళ్లి ఎకనామిక్స్ అబ్బాయి చేతికిచ్చాను. అతను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఏం లేదాంటీ, సెలవుల సంగతి" అన్నాడు. నేను దాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

మూడు వారాలకి వాళ్ల పరీక్షలయ్యాయి. పిల్లకి రెండు జడలు వేసి బడికి పంపాను. గంటలో తిరిగొచ్చింది.

"అమ్మా, మేరా నామ్ కట్ గయా."

పేరు కొట్టేశారు. కాగితం పంపించాం కదా అన్నారట. బియ్యం డబ్బా కిందనుంచి తీసి దానికే ఇచ్చాను. గుమ్మంలో నిలబడి, ఎక్కడా తడబడకుండా చదివింది. ఏడు రోజుల్లో తల్లీదండ్రీ వచ్చి కారణం చెప్పాలి, లేదంటే పేరు తీసేస్తాం. చదివి నావైపు చూసింది. "ముఝే క్యోఁ నహీఁ దిఖాయా?" నాకెందుకు చూపించలేదు అని.

సాయంత్రం భోజనాలకి వచ్చినప్పుడు ఆ కాగితం అతని కంచం పక్కన పెట్టాను.

"సెలవులన్నావు."

అతని ముఖం పాలిపోయింది. "నాకు హిందీ చేతిరాత చదవడం రాదాంటీ. అంతమంది ముందు రాదని చెప్పలేక..."

"వీడు కలెక్టరై, ఆ హిందీ యూపీ క్యాడర్‌కి వెళ్తే చూడాల్రా!" అని వెనకనుంచి ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నవ్వకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నవ్వు ఆగింది.

"పోనీలెండి ఆంటీ, ఒక్క ఏడాదే కదా. వచ్చే ఏడు మళ్లీ అయిదులో..." అన్నాడు ఎకనామిక్స్ అబ్బాయి.

"నీకు ఏడాది పోతే మీ నాన్న ఇంకో ఏడాది చదివిస్తాడు. నువ్వు మూడేళ్లుగా అదే పరీక్ష రాస్తున్నా నిన్ను ఎవడూ రోలు ముందు కూర్చోబెట్టలేదు. అది ఆడపిల్ల. ఒకసారి ఇంట్లో పనికి అలవాటైతే దాన్ని మళ్లీ పంపేదెవరు? నన్నూ ఒక్క ఏడాదే అని ఆపారు. తమ్ముడు పుట్టాడు, ఒక్క ఏడాది ఆగు అన్నారు. ఆ ఏడాది ఇంకా అవలేదు నాకు. మూడు తరాలన్నావే, ఆ మాట చెప్తున్నప్పుడు నీకు టీ పోసిందెవరు?"

తలలు వంచుకుని అన్నం కలుపుకున్నారు. చివరికి అతను, "రేపు నేను వస్తానాంటీ, హెడ్ మేడంతో ఇంగ్లీషులో మాట్లాడతా" అన్నాడు. అక్కర్లేదన్నాను.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించలేదు. కుర్రాళ్లు ఏడింటికి వచ్చి, ఖాళీ ప్లేట్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను పిల్లని వాళ్లు కూర్చునే బల్ల దగ్గర కూర్చోబెట్టి, హిందీలో అర్జీ రాయించాను. మా అమ్మ నన్ను మెస్ పనికి ఆపేసింది, తప్పు ఆమెది, నాది కాదు, నన్ను మళ్లీ చేర్చుకోండి అని. ఒకసారి చదివించుకున్నాను. తెలుగులో చెప్పమని ఇంకోసారి చదివించుకున్నాను. అడుగున వేలిముద్ర వేశాను. తాళం వేసి, పిల్లని ముందు నడవమని, గంట కొట్టకముందే బడికి వెళ్లి హెడ్ మేడం గది ముందు కూర్చున్నాను.