లాభం, ఒకటి, రెండు

మొన్న సత్తెనపల్లి నుంచి నరసరావుపేట వస్తుంటే బస్సులో నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. బస్సు కదిలిందో లేదో సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసి, ఆ కుదుపుల్లోనే ఒక్కొక్క వేలికీ రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. ముందు సీటులోని పెద్దావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ ఘాటు వాసనను తనివితీరా పీల్చుకున్నాను. అందరికీ అది ముస్తాబు వాసన, నాకు రిపేరు కొట్టు వాసన. అది తగిలితే చాలు, వెనకాలే కరిగిన టంకం వాసన వస్తుంది, దాని వెనకాలే మౌలాలి బాబాయి దగ్గు వినిపిస్తుంది. నా గోళ్ళకు నేనేనాడూ రంగు వేసుకున్నదాన్ని కాను. అయినా నా పనిబల్ల మీద ఎర్రరంగు సీసా లేని రోజు లేదు. ఆ సీసా ఎందుకని అడిగినవాళ్ళకు చెబుదామంటే, ముందు ఆయన సంగతి చెప్పాలి.

మౌలాలి బాబాయి నాకు చుట్టం కాడు. నరసరావుపేట బజారు వెనక సందులో టీవీలు, రేడియోలు బాగుచేసేవాడు. టీవీలు పల్చబడి గోడకెక్కాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. అయినా కొట్టు మూయలేదు. ఎవరు ఏ యంత్రం పారేసినా తెచ్చి విప్పి, పనికొచ్చే ముక్కలు డబ్బాల్లో దాచేవాడు. సందులో వాళ్ళు ఆయన్ని కాస్త తేలిగ్గానే చూసేవాళ్ళు. నేనూ అలాగే చూశాను. గతిలేకనే ఆయన గడప తొక్కాను.

అప్పట్లో నేను సుబ్బరామయ్య గారి ప్రింటింగు ప్రెస్సులో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కంపోజు చేసేదాన్ని. మాది శావల్యాపురం. నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచే మనిషి. ఇంటరు దాకా చదివి, టైపు నేర్చుకుని, రోజూ బస్సెక్కి వచ్చి ఆ కుర్చీలో కూర్చోవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. ప్రెస్సులోని కంప్యూటర్ మామూలు రకం కాదు. డిజైను పనుల కోసమే చేసిన వేరే జాతిది, అప్పటికే చాలా పాతబడింది. కానీ మా తెలుగు అక్షరాలూ, ఏళ్ళ తరబడి చేసిన పనీ దాంట్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. ఒక మధ్యాహ్నం అది లేచిన చప్పుడైతే వచ్చింది గానీ తెర మీద బొమ్మ రాలేదు. బొమ్మను తెరకు పంపే కార్డు కాలిపోయింది. సుబ్బరామయ్య గారు హైదరాబాదుకు ఫోన్లు చేసి చూశారు. ఆ కార్డు తయారీ ఎప్పుడో ఆగిపోయిందన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. సోమవారం దాకా చూసి, యంత్రాన్ని పాత ఇనుము వాళ్ళకిచ్చేసి, ఇకమీదట కంపోజింగు గుంటూరుకే పంపుతానని నెమ్మదిగానే చెప్పాడు. నా గురించి ఏమీ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. యంత్రం లేకపోతే దాని ముందు కుర్చీ ఎందుకు? మా ఊళ్ళో నా ఈడు వాళ్ళంతా మిరప కోతలకు వెళుతున్నారు. ఆ పని తప్పని కాదు. రెండేళ్ళు చేసి వచ్చినదాన్ని, మళ్ళీ ఆ మంట చేతులతో అన్నం కలుపుకోవాలంటే ఏడుపొచ్చింది. అది గురువారం. మరునాడు పొద్దున్నే కాలిన కార్డు గుడ్డలో చుట్టుకుని మౌలాలి బాబాయి కొట్టుకు వెళ్ళాను.

ఆయన కార్డును తిప్పి తిప్పి చూసి, మూలనున్న డబ్బాలోంచి ఇంకో కార్డు తీశాడు. ఏదో ఆఫీసు వాళ్ళు పారేసిన మామూలు కంప్యూటర్ కార్డు. రెండూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. మా యంత్రం గాడిలో అది సరిపోతుందా అని అడిగితే, గాడిలో పడుతుంది గానీ మాట కలవదన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడే ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. ఆమెది కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు. గ్లాసు నా చేతికిస్తూ, కూసోని తాగు బిడ్డా, గట్ల నిలవడి తాగొద్దు అంది. బాబాయి నవ్వి ఆమె వైపు చూపించాడు.

"విన్నావుగా? నేను 'అట్టా' అంటా, మీ పిన్ని 'గట్ల' అంటది. ఏరు దాటితే మాట మారుద్ది గానీ మనిషి మారదు. ఈ కార్డుకి బొమ్మ గీయటం చానా బాగా వచ్చు. మీ మిషను లేవంగానే 'ఎవరు నువ్వు' అని దాని మాటలో అడుగుద్ది. ఇది ఏరవతల మాటలో జవాబు చెప్పుద్ది. అంతే, గొడవ."

జవాబు చెప్పేది కార్డు మూలనున్న గోరంత చిప్పు. దాన్ని ఊడదీసి కొంచెం పెద్దది వేసి, అందులో మా యంత్రం మాట రాయాలి. కొత్త మాట నేర్చాక అది పాత మాట మరిచిపోతుంది, మామూలు కంప్యూటర్లో ఇక పలకదు. అది కాక, గాడిలోకి దిగే అంచున వరసగా ఉన్న బంగారు గీతల్లో మూడోదీ పదకొండోదీ మా యంత్రానికి తగలకూడదు. తగిలితే అది లేవనే లేవదట. టేపు ముక్క అంటిస్తే గాడిలో ముడుచుకుపోతోంది. బాబాయి తల గోక్కుంటూ కూర్చుంటే, లోపల్నుంచి పిన్ని వాళ్ళ మనవరాలి గోళ్ళరంగు సీసా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సూదిమొనతో ఆ రెండు గీతల మీద ఎర్రరంగు పూసింది నేనే. బాబాయి కళ్ళకు శుక్లాలు వచ్చాయి. టంకం వేయడం చేతి అలవాటుతో అయిపోయేది కానీ, సన్న పనికి నా కళ్ళే వాడుకునేవాడు.

చిప్పులో రాయాల్సిన ఫైలును హైదరాబాదు నుంచి బాబాయి లాంటి పాత యంత్రాల పిచ్చాయన ఒకాయన పంపాడు. అది ఈ కార్డు అక్కలాంటి ఇంకో కార్డు కోసం రాసినది కాబట్టి, అందులో ఒక్కచోట పేరు మార్చాలి. బాబాయి కొట్టులోని కంప్యూటర్ తెర మీద వరసకు పదహారు గడుల చొప్పున అంకెలూ అక్షరాలూ. బాబాయి, హైదరాబాదాయన చెబితే రాసుకున్న కాగితం చూస్తూ వరస గుర్తు చెప్పాడు. ఆ వరసలో నాలుగో గడి అన్నాడు. నేను పెన్సిలుతో లెక్కపెట్టి నాలుగో గడిలో ఆయన చెప్పింది కొట్టాను. ఆ ఫైలును చిప్పులో రాసి, శనివారం మధ్యాహ్నం కార్డును ప్రెస్సుకు తీసుకువెళ్ళి బిగించాం. యంత్రం మోగింది. తెర నల్లగానే ఉంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టాం. నలుపే. సుబ్బరామయ్య గారు తలుపు దగ్గర నిలబడి చూసి, పోన్లే అమ్మాయ్ అని వెళ్ళిపోయాడు.

ఆ 'పోన్లే'తో నాకు తిక్కరేగింది. కోపం నాకు ముందే ముక్కు మీద ఉంటుంది. నలుగురు పనివాళ్ళ ముందు బాబాయి మీద విరుచుకుపడ్డాను.

"కళ్ళు కనపడనప్పుడు చేతగాదని ముందే చెప్పాల్సింది బాబాయ్. నాలుగు రోజులు ఆశ పెట్టుకునేదాన్ని కాదు."

నాలుగు రోజులు కూడా కాలేదు, రెండే. అయినా అన్నాను. ఆయన కార్డును గుడ్డలో చుట్టుకుని, రేపు పొద్దున రా అని మాత్రం చెప్పి వెళ్ళాడు. అంత మాట నోరుజారినందుకు నాకు బస్సులోనే సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే కోపమే ఎక్కువగా ఉంది, నిజం చెప్పొద్దూ.

ఆదివారం వెళ్ళేసరికి ఆయన భూతద్దం పెట్టుకుని టంకాలన్నీ మళ్ళీ వేసి ఉన్నాడు. నా మాట పట్టుకుని తన చేతుల్నే అనుమానించాడు. ఎక్కడా తప్పు దొరకలేదన్నాడు. ఇక మనం చేసిందంతా మొదటినుంచీ మళ్ళీ చేద్దాం, ఈసారి నువ్వు పైకి చదువుతూ చెయ్యి అన్నాడు. సరేనని ఆ వరస తెరిచి, పెన్సిలు ఒక్కో గడి మీద పెడుతూ లెక్కపెట్టాను.

"లాభం, రెండు, మూడు, నాలుగు."

"ఆగాగు. ఏందమ్మాయ్ అన్నావు?"

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మా నాన్న ఎప్పుడూ 'ఒకటి' అనేవాడు కాదు. మొదటి కుంచం లాభం, తర్వాత రెండు, మూడు. మొదలు శుభంగా ఉండాలని ఆ మాట. నేను పుట్టి బుద్ధెరిగింది ఆ లెక్కలోనే. బట్టలు మడిచినా మెట్లు ఎక్కినా మొదటిది నాకు లాభమే. బాబాయికి ఇది తెలియక కాదు, ఆ బజారులో పుట్టినవాడే. కాసేపు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగితే పిన్ని నీళ్ళు తెచ్చింది.

"మీ నాయన లాభం అంటే ఒకటి. ఈ మిషను లెక్క వేరే. దీనికి మొదటి గడి సున్నా. సున్నా, ఒకటి, రెండు, అట్టా బోవాలి. నాలుగో గడంటే నీ లెక్కన అయిదోది."

పెన్సిలు బల్ల మీద పెట్టేశాను. నిన్న నలుగురిలో ఆయన కళ్ళను తిట్టాను. తప్పు చేసింది నా కళ్ళు, నా లెక్క. క్షమించమని అడగబోయాను. నా మొహం చూసి ఆయనే అందుకున్నాడు.

"ఏడవబాకమ్మాయ్. లెక్క ఎక్కడ మొదలో నేను చెప్పలా, నువ్వడగలా. ఇద్దరిదీ చెరి సగం. ఈ మిషనుకి సున్నానే లాభం అనుకో, ఇంకెప్పుడూ తప్పు పోదు. చెప్పు చూద్దాం."

లాభం, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చెప్పాను. బాబాయి ఏ పని మొదలుపెట్టినా ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టేవాడు. ఆ నకలు తెరిచి, సరైన గడిలో పేరు మార్చి, చిప్పులో మళ్ళీ రాశాం.

సోమవారం పొద్దున, పాత ఇనుము బండి రాకముందే ప్రెస్సు తలుపులు తీయించాం. కార్డు గాడిలో దిగింది, యంత్రం మోగింది. కాసేపటికి తెర బూడిదరంగులోకి మారింది. తర్వాత గురువారం సగంలో ఆగిన పెళ్ళిపత్రిక తాలూకు ఫైలు తెర మూలన కనిపించింది. సుబ్బరామయ్య గారు దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఆ పత్రిక ఇవాళ అయిపోతుందా అమ్మాయ్ అని అడిగాడు. అయిపోతుందని చెప్పి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ రోజు ఆనందం ఇంత అని చెప్పలేను. వెనక్కి తిరిగి చూసేసరికి బాబాయి వెళ్ళిపోయాడు, వెంట తెచ్చిన కాలిన కార్డును మాత్రం మరవకుండా తీసుకుపోయాడు.

ఆ తర్వాత ప్రెస్సు పని అయ్యాక రోజూ ఓ గంట ఆయన కొట్టులో కూర్చునేదాన్ని. టంకం పట్టడం నేర్చుకున్నాను, చిప్పు ఊడదీయడం నేర్చుకున్నాను. కాల్చినవీ చాలానే ఉన్నాయి. కాల్చిన ప్రతిసారీ ఆయన ఎవరు చేశారని అడిగేవాడు కాదు, మొదలెక్కడ పెట్టావని అడిగేవాడు. సుబ్బరామయ్య గారు ప్రెస్సు మానుకున్నప్పుడు ఆ యంత్రాన్నీ కుర్చీనీ నాకే ఇచ్చేశారు. ఇప్పుడు అవి రెండూ నా కొట్టులో ఉన్నాయి. ఎక్కడెక్కడి ల్యాబుల నుంచో ప్రెస్సుల నుంచో పాత యంత్రాలు పార్సిళ్ళలో నా దగ్గరికొస్తాయి. మామూలు కార్డులకు వాటి మాట నేర్పి పంపుతాను.

బాబాయి పోయి రెండేళ్ళు. దినాలయ్యాక పిన్ని పిలిచి, గీ బుక్కు నీకే ఇయ్యమన్నడు బిడ్డా అని ఒక పాత నోటుపుస్తకం చేతిలో పెట్టింది. ఆయన బాగుచేసిన కార్డుల వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఇంటికొచ్చి తెరిచి చూశాను. ప్రతి పేజీకీ పైన అంకె వేసుకున్నాడు. రెండో పేజీ మీద 1, మూడో పేజీ మీద 2. మొట్టమొదటి పేజీ మీద, శుక్లాల కళ్ళతో రాసిన వంకర అక్షరాల్లో, 'లాభం' అని ఉంది. నేను ఆయన దగ్గర నేర్చుకున్నానని ఊరంతా చెప్పుకు తిరిగాను, ఆయన నా దగ్గర ఒకటి నేర్చుకున్నాడని ఏనాడూ నాతో అనలేదు. ఆ పుస్తకం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

పోయిన వారం మాచర్ల నుంచి ఒకావిడ పని నేర్చుకుంటానని వచ్చింది. మిషను కుట్టేదట, చేతిలో పనితనం ఉంది. ఆమె ముందు ఒక కార్డు పెట్టి, ఎర్రరంగు సీసా మూత తీసి ఇచ్చి, ఏ గీత ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చూపించాను. తర్వాత తెర మీద పదహారు గడుల వరస తెరిచి లెక్కపెట్టమన్నాను. ఆమె 'ఒకటి' అనబోయింది. ఆమె వేలు పట్టుకుని మొదటి గడి మీద ఆనించి, నాతోపాటు పలకమన్నాను. లాభం, ఒకటి, రెండు.